అల్లుడుగారు ఎక్కించిన గ్యాస్

గుంటూరు లక్ష్మీపురం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు కనుక సంగతిని కుదించి, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇస్తున్నాను.

ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. భర్త పదవీ విరమణ చేశారు. రెండేళ్ల క్రితం ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది, ఎండాకాలంలో గది చల్లగా ఉంచుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పారు. మేడ మీది పడకగదిలో 2019 ఏప్రిల్‌లో కొన్న ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ ఉంది. గత రెండు వేసవుల్లోనూ, ఈ వేసవి మొదట్లోనూ దాని చల్లదనం తగ్గింది. ఏసీలు బాగుచేసేది పరాయివాడు కాదు, స్వయానా ఆమె ఆడపడుచు అల్లుడు. వచ్చిన ప్రతిసారీ గ్యాస్ అయిపోయిందని చెప్పి ఎక్కించి వెళ్లాడు. ఒకసారి 3,200, మరోసారి 3,000, ఈ మార్చిలో 3,500 రూపాయలు, మొత్తం 9,700 ఇచ్చారు. ఒక్కదానికీ బిల్లు లేదు. టిఫిను పెట్టి, కాఫీ ఇచ్చి, అల్లుడి మర్యాద చేసి పంపేవాడిని బిల్లు ఎలా అడుగుతామని ఆమె రాశారు.

ఇప్పుడు రోహిణి కార్తె నడుమ ఏసీ పూర్తిగా ఆగిపోయింది. లోపలి ఫ్యాను తిరుగుతోంది, తెర మీద ఏదో అక్షరం, అంకె వెలుగుతున్నాయి, బయటి యూనిట్ మాత్రం కదలడం లేదు. అల్లుడుగారు చూసి కంప్రెసర్ పోయింది, పద్నాలుగు వేలు అవుతుందన్నారు. ఆమె భర్తకు తెలియకుండా కంపెనీ సర్వీసుకు ఫోన్ చేస్తే ఒక కుర్రాడు వచ్చి, పావుగంట ఉండి, 590 రూపాయలు తీసుకుని, కంప్రెసర్ కాదు, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోయింది, 9,800, దాని మీద జీఎస్టీ అని కాగితం మీద రాసి ఇచ్చాడు. అరండల్‌పేటలోని ఒక దుకాణంవారు రెండూ కాదు, పాతది మూడు వేలకు తీసుకుంటాం, ముప్ఫై ఎనిమిది వేలకు కొత్తది బిగిస్తాం అన్నారు. బెంగళూరులో ఉన్న కొడుకు కొత్తది ఆన్‌లైన్‌లో బుక్ చేస్తానంటున్నాడు. భర్త మాత్రం మన పిల్లవాడు మనల్ని ముంచుతాడా అని కోప్పడుతున్నారు. ఆమె దగ్గర కాశీయాత్రకని దాచుకున్న చీటీ డబ్బు ముప్ఫై వేలు ఉంది. ముగ్గురిలో ఎవరి మాట నమ్మాలి, అల్లుడిని నొప్పించకుండా ఎలా బయటపడాలి, ఇచ్చిన 9,700 తిరిగి అడగవచ్చా అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర, అంచున, పెన్సిల్‌తో ఒక వాక్యం ఉంది: కొన్నప్పుడు షాపువాళ్లు కంప్రెసర్‌కు పదేళ్లు అన్నారు, ఆ కాగితం బీరువాలో ఉండాలి.

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైన వాక్యం ఆ పెన్సిల్ వాక్యమే. దాని సంగతి తరువాత చెబుతాను. ముందుగా ఒక మాట. ముగ్గురు మూడు వస్తువుల పేర్లు చెప్పారు, మూడు ధరలు చెప్పారు. ఏది కొలిచి చూసి ఆ నిర్ణయానికి వచ్చారో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మీరూ అడగలేదు. అది మీ తప్పు కాదు, మనలో చాలామందిమి మెకానిక్‌ను ఎంత అవుతుందని అడుగుతామే తప్ప ఎలా తెలిసిందని అడగము. ఏసీ ఖర్చుల్లో మన డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ రెండో ప్రశ్న అడగనందువల్లేనని నా అనుభవం.

గ్యాస్ సంగతితో మొదలుపెడతాను. ఏసీలో ఉండే గ్యాస్ బండికి పోసే పెట్రోలులా వాడకంతో తరిగిపోయేది కాదు. రాగి గొట్టాల్లో, కంప్రెసర్‌లో మూసిపెట్టి ఉండి, అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. పైపులు సరిగ్గా ఉంటే పదేళ్లయినా మళ్లీ ఎక్కించవలసిన పని లేదు. కాబట్టి గ్యాస్ నిజంగా తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. తగ్గకపోతే ఎక్కించవలసిన అవసరమే లేనట్టు. మీరు మూడుసార్లు ఇచ్చిన 9,700 ఈ రెంటిలో ఏదో ఒకదానికి పోయాయి, కారే చోటును మూయడానికి మాత్రం పోలేదు. ఫిల్టరు మట్టిపట్టినా, బయటి యూనిట్ రెక్కల్లో దుమ్ము పేరుకున్నా చల్లదనం తగ్గుతుంది, లోపలి కాయిల్ మీద మంచు కూడా కడుతుంది. మిర్చి యార్డు దుమ్ముకు దగ్గరగా ఉన్న ఇళ్లలోనూ, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం బూడిద గాలి తగిలే ఇళ్లలోనూ అయిదారు వందల వాటర్ సర్వీసుతో పోయే జబ్బుకు మూడు వేల గ్యాస్ ఎక్కించుకున్నవారిని నేను ఎరుగుదును.

కారుతున్న చోటు చాలాసార్లు కంటికే తెలుస్తుంది. అవుతలి యూనిట్ పక్కన రాగి పైపులు కలిసే చోట రెండు ఇత్తడి నట్లు ఉంటాయి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంత తిరుగుతుంది కనుక, నట్టు దగ్గర గ్యాస్ కారితే అక్కడ నూనె చెమర్చి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డుపట్టు కడుతుంది. ఏసీలో గ్యాస్ ఒత్తిడి ఉండగా దాని మీద సబ్బు నురుగు రాస్తే, చిన్న చిన్న బుడగలు ఒకదాని వెనుక ఒకటి పుట్టుకొస్తాయి. అలా కనిపిస్తే నట్టు విప్పి, పైపు అంచు మళ్లీ చేసి, బిగిస్తే పని ముగుస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే అనుమానం లోపలి కూలింగ్ కాయిల్ మీదికి పోతుంది. తేమ, ఇంట్లోని కొన్ని రసాయనాల ఆవిర్లు కలిసి రాగిని చీమ తొలిచినట్టు సన్నగా తొలిచేస్తాయి. ఆ కన్నాలు కంటికి కనపడవు. అప్పుడు గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, గేజి ముల్లు పడిపోతోందా లేదా అని గంటల తరబడి, వీలైతే రాత్రంతా చూడాలి.

మీ అల్లుడుగారి పక్షాన ఇక్కడ ఒక మాట చెప్పాలి. మే నెలలో రోజుకు పది ఇళ్లు తిరిగే మనిషికి పూటంతా ఒక ఇంట్లో కూర్చుని నైట్రోజన్ ముల్లు చూసే తీరిక ఉండదు. మనమూ ఈ రాత్రికి చల్లబడితే చాలు బాబూ అంటాం. అందుకని గ్యాస్ ఎక్కించి వెళ్లడం ఆ వృత్తిలో అలవాటుగా మారింది. అది మోసమే కానక్కరలేదు, కానీ సరైన పని కూడా కాదు. సరిగ్గా చేస్తే ముందు లీకు మూస్తారు, తరువాత వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట గాలినీ తేమనూ లాగేస్తారు, చివరికి గ్యాస్‌ను తూకం వేసి ఎక్కిస్తారు. ఎంత ఎక్కించాలో బయటి యూనిట్ మీది రేకు మీదే రాసి ఉంటుంది. 2019 నాటి ఇన్వర్టర్ కనుక మీ ఏసీలోని గ్యాస్ రకం చాలావరకు ఆర్-32 గానీ ఆర్-410ఏ గానీ అయివుంటుంది, దాని కింద కిలోల్లో తూకం ఉంటుంది. ఆ రెంటినీ కలపకూడదు, ఒకదాని బదులు మరొకటి పోయకూడదు. ఆర్-32 కొద్దిగా మండే స్వభావం ఉన్న గ్యాస్ కనుక, పైపులో గ్యాస్ ఉండగానే వెల్డింగ్ మంట పెట్టబోతే ఎంతటి ఆప్తుడైనా సరే ఆపండి.

ఇక బోర్డా, కంప్రెసరా అన్నది. ఈ తగవు తీర్చడానికి పెద్ద విద్య అక్కరలేదు, పది నిమిషాలు, ఒక మీటరు చాలు. ఇన్వర్టర్ కంప్రెసర్‌కు మూడు తీగలు వెళ్తాయి. కరెంటు తీసేసి, కొంతసేపు ఆగి, ఆ తీగలను బోర్డు నుంచి విడదీసి, రెండేసి చొప్పున మూడు జతలకూ రెసిస్టెన్స్ కొలుస్తారు. మూడు కొలతలూ ఇంచుమించు ఒకేలా ఉండి, ఏ తీగకూ కంప్రెసర్ ఒంటికీ మధ్య కరెంటు దారి లేకపోతే, కంప్రెసర్ లోపలి తీగచుట్ట బాగున్నట్టే, అనుమానం బోర్డు మీదికి పోతుంది. ఒక జత తేడాగా ఉన్నా, ఒంటికి షార్ట్ ఉన్నా కంప్రెసరే పోయినట్టు. చుట్ట బాగుండి లోపలి భాగాలు బిగుసుకుపోయిన సందర్భాలు లేకపోలేదు, కానీ అవి ఆ తరువాతి మాట. ఈ పరీక్ష చేయకుండా బోర్డు మార్చడంలో ఒక ప్రమాదం ఉంది: షార్ట్ అయిన కంప్రెసర్‌కు తగిలించిన కొత్త బోర్డు కూడా మొదటి రోజే కాలిపోవచ్చు. తెర మీద వెలిగే అక్షరం, అంకె కూడా ఒక ఆధారం. వాటి అర్థం ఏసీతో వచ్చిన పుస్తకంలోనో, బయటి యూనిట్ మూత లోపలి కాగితం మీదో ఉంటుంది. ఇద్దరిలో ఎవరైనా దాన్ని చూశారా?

బోర్డు పోయిందన్న మాటకు కూడా రెండు అర్థాలున్నాయి. మా ఇంట్లో మూడేళ్ల క్రితం ఇలాగే ఆగిపోతే, సర్వీసు మనిషి బోర్డు మొత్తం మార్చాలి, ఎనిమిదిన్నర వేలు అన్నాడు. నేను బయటి యూనిట్ మూత తీయించి చూశాను. వెచ్చదనానికి చేరిన ఒక చిన్న బల్లి, రెండు టెర్మినళ్ల మీద చెరో కాలు వేసి, ఎండిన ఒరుగులా అతుక్కుని ఉంది. దాని కింద బోర్డు మీద పావలా బిళ్లంత మేర మసి. బోర్డులు బాగుచేసే ఒక కుర్రాడు కాలిన భాగాలు మార్చి 1,800 తీసుకున్నాడు, ఇప్పటికీ నడుస్తోంది. అన్ని బోర్డులూ అలా బతకవు, అలాంటి రిపేరుకు నెలో, మూడు నెలలో మించి హామీ ఇవ్వరు. అయినా పదకొండు వేలు పెట్టే ముందు మూత తీసి చూపించమనడంలో నష్టం లేదు. దూరంగా నిలబడి చూడండి, మీరు చెయ్యి పెట్టవద్దు. మెయిన్ ఆపిన తరువాత కూడా ఆ బోర్డు మీది కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఇప్పుడు పెన్సిల్ వాక్యం దగ్గరికి వస్తాను. ఇన్వర్టర్ ఏసీలకు చాలా కంపెనీలు మొత్తం యంత్రానికి ఒక ఏడాది, కంప్రెసర్‌కు పదేళ్లు వారంటీ ఇస్తాయి. కొన్ని బోర్డుకు అయిదేళ్లు ఇస్తాయి. మీ కార్డులో నిజంగా పదేళ్లని ఉంటే, 2029 ఏప్రిల్ దాకా కంప్రెసర్ వస్తువుగా మీకు ఉచితం. అంటే అల్లుడుగారు చెప్పిన పద్నాలుగు వేలలో పెద్ద భాగం మీరు పెట్టనక్కరలేదు. అయితే పదేళ్ల వారంటీ అంటే పదేళ్లూ పైసా ఖర్చుండదని అనుకోకండి. గ్యాస్, కూలి, రవాణా సాధారణంగా మనమీదే వేస్తారు, అవి మూడు నుంచి అయిదు వేల దాకా రావచ్చు. బయటి మెకానిక్ విప్పి ఉంటే వారంటీ చెల్లదనే షరతు కూడా కొన్ని కార్డుల్లో ఉంటుంది, అందుకే అల్లుడుగారి చేత కంప్రెసర్ విప్పించే ముందు కార్డు చదవండి. ఇంకో విషయం గమనించారా? కంప్రెసర్ అయితే కంపెనీ భరించాలి, బోర్డు అయితే మీరు భరించాలి. అందువల్ల కంపెనీ మనిషి అబద్ధం చెప్పాడని నేను అనడం లేదు. పావుగంటలో చెప్పిన మాటను కొలతలతో రాసి ఇమ్మని అడిగే హక్కు మీకుందని మాత్రం అంటున్నాను.

మీ ముందున్న దారులు ఇవి. మొదటిది, కంపెనీకే మళ్లీ ఫిర్యాదు నమోదు చేసి, మొదటి కుర్రాడి పైవాడిని పంపమని కోరడం. వచ్చినవాడిని మూడు జతల కొలతలు, తెర మీది కోడ్ జాబ్ షీట్ మీద, అంటే చేసిన పని రాసి ఇచ్చే కాగితం మీద రాయమనండి. మరో అయిదారు వందలు పోవచ్చు, ఈ ఎండల్లో నాలుగైదు రోజులు పట్టవచ్చు, కానీ ఆ కాగితం వచ్చాక మీరు ఊహ మీద ఖర్చు పెట్టరు. వారంటీలో ఉన్న వస్తువు ఇవ్వకుండా తిప్పితే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. అదీ ఫలించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. అంతదాకా వెళ్తుందని నేను అనుకోను. వెళ్తే మాత్రం బిల్లులూ జాబ్ షీట్లే మాట్లాడతాయి, అల్లుడుగారికి ఇచ్చిన 9,700 అక్కడ లెక్కకు రాదు.

రెండవది, బోర్డే అని తేలితే దాన్ని మార్పించుకోవడం. 9,800 మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే 11,564 అవుతుంది. దీనితో చల్లదనం తిరిగి వస్తుంది కానీ లీకు అలాగే ఉంటే వచ్చే మార్చికి మళ్లీ గ్యాస్ దగ్గరికే వస్తారు. కనుక బోర్డు పని, లీకు పని కలిపి ఒకేసారి అంచనా అడగండి. లీకు నట్టు దగ్గరే అయితే వాక్యూమ్, గ్యాస్‌తో కలిపి నాలుగు వేలకు అటూ ఇటూ అవుతుంది. లోపలి కాయిల్ మార్చవలసి వస్తే మరో ఏడెనిమిది వేలు. మన ఊళ్లలో వినిపించే రేట్లు ఇవి, కంపెనీని బట్టి మారతాయి. బోర్డూ కాయిల్ రెండూ పోయాయని తేలిన రోజు, ఏడేళ్ల ఏసీకి ఇరవై వేలు పెట్టడం కంటే కొత్తది కొనడమే నాకు సబబుగా కనిపిస్తుంది. ఒక్క బోర్డో, ఉచిత కంప్రెసరో అయితే బాగుచేయించుకోవడమే మేలు.

మూడవది కొత్తది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ ఇరవై ఎనిమిది నుంచి పద్దెనిమిది శాతానికి తగ్గింది కనుక ధర మునుపటంత భారం కాదు. కానీ ముప్ఫై ఎనిమిది వేలలో ఏమేమి చేరి ఉన్నాయో అడిగి రాయించుకోండి. అదనపు రాగి పైపు, గోడ స్టాండు, స్టెబిలైజరు, పాతది విప్పే కూలి విడిగా వేసేవారే ఎక్కువ. కరెంటు బిల్లు ఆదా అవుతుందని అబ్బాయి చెప్పి ఉంటాడు. రెండు స్టార్ లేబుళ్లనూ పక్కపక్కన పెట్టి, వాటి మీద ఉన్న ఏడాది యూనిట్ల తేడా తీయండి. ఆ లెక్క ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసినది. 250 యూనిట్ల తేడా ఉందనుకుంటే, నెలకు 400 యూనిట్లు దాటాక పడే 9.75 రూపాయల చొప్పున ఏడాదికి సుమారు 2,400. పాతది ఇన్వర్టరే కనుక తేడా అంతకంటే భారీగా ఉండదు. కాశీ డబ్బు తీసి ఏసీకి పెట్టడానికి అది ఒక్కటే చాలిన కారణం కాదు.

నాలుగవ దారి ఎవరూ చెప్పరు. ఇప్పటికి ఒక కూలరుతోనో, నెల అద్దెకు తెచ్చిన ఏసీతోనో గడిపి, తొలకరి పడ్డాక మరమ్మతు చేయించుకోవడం. సీజను దాటితే మెకానిక్‌కు తీరిక ఉంటుంది, రేటూ దిగుతుంది. మీవారి ఆరోగ్యం దృష్ట్యా కూలరును మాత్రం నేను సూచించను. అద్దె ఏసీ దొరికితే ఆలోచించండి.

ఏ దారి పట్టినా, ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఏసీ ప్లగ్గు దగ్గర వోల్టేజీ, ఎర్తింగ్ చూపించండి. ఎర్త్‌కూ న్యూట్రల్‌కూ మధ్య నాలుగైదు వోల్టులు మించి కనిపిస్తే ఎర్త్ గానీ న్యూట్రల్ గానీ సరిగ్గా లేదేమోనని అనుమానించాలి. మన ఎండలకు పెరట్లోని ఎర్త్ గొయ్యి బిరుసెక్కి ఎండిపోతుంది. వెనకటివారు వేసవిలో దానిలో వారానికి ఒక బిందె నీళ్లు పోసేవారు, ఇప్పుడు గొయ్యి ఎక్కడుందో కూడా చాలా ఇళ్లలో తెలియదు. మీ బోర్డు పోవడానికి కారణం అదే అయితే, కొత్త ఏసీ బోర్డు కూడా అదే దారి పడుతుంది.

ఇక అల్లుడుగారు. ఆయనను వదిలించుకోవాలని మీరు అనుకుంటున్నారు, నాకు ఆ అవసరం కనిపించడం లేదు. మీరు ఆయనకు ఇచ్చినది గ్యాస్ ధర, లీకు వెతికే ధర ఎన్నడూ ఇవ్వలేదు. ఆయన అడగలేదు, మీరు ఇవ్వలేదు. ఈసారి టిఫిను పెట్టాక ఇలా చెప్పి చూడండి: "బాబూ, గ్యాస్ ఏటా ఎందుకు పోతోందో ఈసారి తేల్చేయి. నైట్రోజన్ పెట్టి, లీకు ఎక్కడో నాకు చూపించు. దానికి వెయ్యో పదిహేను వందలో విడిగా తీసుకో. కంపెనీవాళ్లు వారంటీ కోసం అడుగుతారు, ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టు." ఇందులో ఆయనను తప్పుపట్టిన మాట ఒక్కటీ లేదు, బిల్లు అడగడానికి నెపం కంపెనీ మీద పడింది. పని తెలిసినవాడైతే సంతోషంగా చేస్తాడు. తప్పించుకుంటే, ఎక్కువ పనుల మీద ఉన్నావు, ఈసారికి కంపెనీవాళ్లనే చూడనిస్తాం అనవచ్చు, ఆడపడుచు దగ్గర మాట రాదు. మూడేళ్ల 9,700 తిరిగి అడగడం గురించి రాశారు. అడగవచ్చు, కానీ కాగితం లేదు, వచ్చేది తక్కువ, పోయేది ఆడపడుచు ఇంటి రాకపోక. నేనైతే వదిలేస్తాను.

మీవారికి తెలియకుండా కంపెనీని పిలిచిన సంగతి మాత్రం దాచకండి. రెండో మనిషి వచ్చినప్పుడు ఆయన ఇంట్లోనే ఉంటారు, అప్పుడు బయటపడటం కంటే ఇప్పుడే చెప్పడం తేలిక. పద్నాలుగు వేలలో పెద్ద భాగం ఆదా కావచ్చన్న లెక్కతో చెబితే కోపం అంతసేపు నిలవదని నా ఊహ.

అబ్బాయిని ఆ ఆన్‌లైన్ ఆర్డరు పది రోజులు ఆపమనండి. ఈ సాయంత్రమే బీరువా తెరిచి ఆ వారంటీ కార్డు, కొన్న బిల్లు తీయండి. కార్డు మీద షాపు ముద్ర, తేదీ ఉన్నాయో లేదో, యూనిట్ రేకు మీది సీరియల్ నంబరుతో కార్డు మీది నంబరు కలుస్తుందో లేదో చూడండి. రెంటినీ ఫోటో తీసి అబ్బాయికి పంపి, కంపెనీకి ఫిర్యాదు అతనిచేతే నమోదు చేయించండి.